తలుపు అవతలి ఊపిరి

"మీరే కూర్చోబెట్టిండ్రు వాణ్ణి లోపల. మీరే గడియ పెట్టుకొమ్మన్నరు. ఇప్పుడు మీరే తలుపుకు దండేసిండ్రు. వాడు సచ్చిపోతే ఏమని చెప్తరు సార్, మోక్షం వచ్చిందనా?"

మెట్లెక్కిన ఆయాసంలోనే నవనీత ఈ మాట అనేసింది. అని, అక్కడే నిలబడిపోయింది. తార్నాకలో మెట్రో లైనుకు రెండు వీధుల లోపల, రిటైరైన ప్రొఫెసర్ కొండయ్య ఇంటి డాబా మీద వేసిన రేకుల వరండా అది. వరండా చివర ఒక్కటే గది. ఆమె తమ్ముడు పరుశురాం మొన్న పొద్దున ఆ గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. ఇప్పుడు తలుపు ముందర జంపఖానా పరిచి ఉంది. దాని మీద క్యాంపస్ పిల్లలు, వీధివాళ్లు, ఎవరో తెలియని ఆడవాళ్లు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. గడపకు పసుపు రాశారు. కొబ్బరికాయ కొట్టారు, ఆ నీళ్లింకా ఆరలేదు. ఆమె మాటకు తలలన్నీ ఇటు తిరిగాయి, కొండయ్య సార్ తల తప్ప. ఆయన కుర్చీలో, నడుం వెనక దిండుతో, తలుపుకేసి చూస్తూనే వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఆ వేలితోనే జంపఖానా మీద చోటు చూపించాడు, క్లాసుకు ఆలస్యంగా వచ్చిన పిల్లకు చూపించినట్టు. ఆమె కూర్చుంది. ఎమ్మే నాటి నుంచీ ఆ వేలికి కూర్చోవటం నేర్చిన మోకాళ్లు ఆమెను అడగకుండానే వంగాయి.

"దీపం పెట్టే యాళకు వాడే గడియ తీస్తాడమ్మా," అన్నాడు సార్ మెల్లగా. కర్నూలు వదిలి ముప్పై ఏళ్లయినా యాస వదల్లేదు. "మూడో పొద్దు గూకేదాకా అని సంకల్పం చెప్పుకున్నాడు. ఇంకెంత, గంట. నడిమధ్యలో పిలిస్తే వాని సాధనంతా బూడిద. అక్కవి, నీకు నేను చెప్పాల్నా?"

గంట. గంటంటే ఎంత. లాలాపేట నుంచి ఇక్కడికి ఆటో నాలుగుసార్లు వచ్చిపోయేంత. ఎసరు మరిగి, అన్నం ఉడికి, చల్లారిపోయేంత. నీళ్లు తాగని మనిషికి గంటంటే ఎంత, ఆ లెక్క వద్దు. కూర్చున్న చోటి నుంచే ఆమె చెవులు తలుపుకు అతుక్కుపోయాయి. ఏప్రిల్ ఎండ, పొద్దు వాలినా దిగని మొండి ఎండ, రేకుల మీద చిటపటమంటోంది. ఆ గదికీ రేకులే. వెలుతురు రాకుండా వెంటిలేటర్‌కు లోపలి నుంచి అట్టముక్క అడ్డం పెట్టారు. వెలుతురు రాని సందులోంచి గాలి మాత్రం ఎట్లా వస్తుంది. మెట్రో రైలు మూలుగుతూ వచ్చి మూలుగుతూ పోయింది. అది పోయాక మిగిలిన ఖాళీలో ఊపిరి వినపడుతుందేమోనని వెతికింది, వినపడలేదు. ధ్యానంలో ఉన్నవాడి ఊపిరి పక్కనున్నవాడికే వినపడదు, తలుపు అవతలికి ఏం వినపడుతుంది, అని తనకు తనే పాఠం చెప్పుకుంది. పాఠాలు చెప్పటమే ఆమె బతుకు. క్యాంపస్‌లో కాంట్రాక్టు కొలువు, తత్వశాస్త్రం, ఏటా ఆర్డరు వస్తే ఏటా కొత్తగా ఊపిరి తీసుకునే ఉద్యోగం. ఊపిరి. ఎటు తిరిగినా అదే మాట.

అవ్వ ఊపిరైతే వీధి చివరకు వినపడేది. ఊరు విడిచి సీతాఫల్‌మండి స్టేషన్‌లో దిగిన నాటి నుంచి వాళ్లమ్మ రాములవ్వ మౌలాలి దిక్కున రాళ్ల క్రషర్‌లో కంకర మోసింది. కంకర పోయి కట్టడాలైంది, దుమ్ము మాత్రం అవ్వ రొమ్ములో ఇల్లు కట్టుకుంది. చివరి ఏడాది ఆమె పడుకోలేకపోయింది. పట్టపగలు గోడకు ఆనుకుని కూర్చుని, మోకాళ్లు పట్టుకుని, గాలిని బావిలోంచి తోడినట్టు తోడుకునేది. లోపలికి ఒక ఈల, బయటికి ఒక ఈల. పర్శిగాడు, అప్పుడు వాడికి పర్శిగాడే పేరు, అవ్వ వీపుకు చెవి ఆనించి కూర్చునేవాడు. ఆమె తీసుకుంటే తీసుకునేవాడు, ఆమె ఆపితే ఆపేవాడు. ఆడుకోరా పో, అంటే పోయేవాడు కాదు. తను సరిగ్గా తీసుకుంటే అవ్వకూ సరిగ్గా అందుతుందని వాడి నమ్మకం. ఒక మధ్యాహ్నం అవ్వ ఊపిరి పోయి, తిరిగి రాలేదు. వీడూ ఆపేశాడు. ఆమె మళ్లీ తీసుకుంటుందని చూస్తూ, పెదవులు నీలం తిరిగి, కళ్లు తేలవేసి, ఆపుకుని కూర్చున్నాడు. నవనీత అవ్వను వదిలేసి వీణ్ణి పట్టుకుంది. చెంప ఛెళ్లుమనిపించింది. ఒకటి, ఇంకొకటి. అప్పుడు గాని వాడి నోరు తెరుచుకుని గాలి లోపలికి పోలేదు. అవ్వ చచ్చిపోయిన ఆ నిమిషంలో నవనీత ఏడవలేదు, తమ్ముణ్ణి కొట్టింది. కొట్టి బతికించుకుంది. ఇవాళ అదే తమ్ముడి మీద చెయ్యి వెయ్యొద్దంటున్నారు. పేరు పెట్టి పిలవటం కూడా దోషమట.

ఒకామె లేచి వంగి నడుస్తూ పోయి కొంగు అంచుతో తలుపును తాకి కళ్లకద్దుకుంది. పక్కనామె గుసగుసగా, "మల్లెపూల వాసన వస్తున్నది చూసినవా. సమాధి కుదిరితే గట్లనే వస్తదంట," అన్నది. నవనీత ముక్కుకు అగరుబత్తి తప్ప ఏమీ తగల్లేదు. ఆమె కళ్లు గడప మీద పడ్డాయి. కొబ్బరినీళ్ల మడుగు పక్కనుంచి చీమల బారు పోతోంది. చీమలు కొబ్బరినీళ్ల దగ్గర ఆగటం లేదు. గడప కింది సందులోంచి లోపలికి పోతున్నాయి. లోపల అరటిపండు ఉండి ఉంటుంది, అనుకుంది. ఉపవాసం ఉన్నవాడి గదిలో అరటిపండు ఎందుకు ఉంటుంది, అని అనుకోకుండా ఉండటానికి పళ్లు బిగించి చూపు తిప్పుకుంది.

ఈ దారిలోకి వాణ్ణి ఎవరు దింపారంటే సగం అవ్వ, సగం సార్. పీజీలో చేరిన నాటి నుంచే వాడికి ఊపిరి పిచ్చి. పరిశోధనకు విషయం తీసుకోమంటే, ముక్తికి యోగం చెప్పిన ధ్యానం, బుద్ధుడు చెప్పిన ధ్యానం, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తానన్నాడు. క్యాంటీన్ అరుగు మీద, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఎట్లా చెప్పేవాడు. "అక్కా, యోగంల చివరికి ఒకడు మిగులుతడు. బుద్ధునికాడ ఎవడూ మిగలడు. గంతే తేడా." "గదేందిరా?" "మనసును, ఒళ్లును, కోరికను అన్నిటినీ నేను గాదు, నేను గాదు అని తీసేసుకుంట పోతే యోగికి చూసేటోడు ఒక్కడు మిగులుతడు. దేనితోటి పొత్తులేని ఒంటరోడు. గా ఒంటరితనమే ముక్తి. బుద్ధుడేమో, సరే, గా చూసేటోడు ఏడున్నడో గూడ చూడుమంటడు. చూస్తే ఏడ లేడు. పట్టుకున్నోడే లేకపాయె, ఇంక ఇడుసుడేంది. గదే ఆరిపోవుడు." "మంచిగున్నది. మరి ఎవడూ మిగలకపోతే గిన్నెలెవడు తోముతడు?" వాడు నవ్వేవాడు. నవ్వితే పై పెదవి మీద చాయ్ మీసం. గిన్నెలు వాడే తోమేవాడు కూడా. పొద్దున లేవగానే అక్క క్లాసుకు పోయేలోపు తోమి బోర్లించి, స్టవ్ గట్టు తుడిచి, ఆ తర్వాత కళ్లు మూసుకునేవాడు. అప్పుడు వాడి ధ్యానంలో ఇల్లు ఉండేది. కుక్కర్ కూత ఉండేది. అక్క ఉండేది.

ఊపిరి గురించి వాడు చెప్పిన మాట ఆమె ఇప్పటికీ తరగతిలో వాడుతుంది. యోగంలో ఊపిరి గుర్రం, కళ్లెం వెయ్యాలి, పూరించాలి, బిగబట్టాలి, వదలాలి. బుద్ధుడి దగ్గర ఊపిరి చుట్టం, వస్తే వచ్చిందనుకోవాలి, పోతే పోయిందనుకోవాలి, రమ్మనకూడదు, ఆగమనకూడదు. ఒకచోట పట్టు, ఒకచోట చూపు. రెండూ రెండు దారులు. దేని జాగ్రత్త దానికి ఉంది. బిగబట్టమన్నవాళ్లే మెల్లగా, ఏళ్ల మీద, గురువు కళ్ల ముందర, కడుపులో ఇంత తిండి ఉంచుకుని, ఒళ్లు సుఖంగా ఉంటేనే చెయ్యమన్నారు. కదలకుండా చూడమన్నవాళ్లు ఊపిరి జోలికి పోవద్దన్నారు. ఎవడి గుర్రం వాణ్ణి పడెయ్యకుండా ఎవడి కాపలా వాడు పెట్టుకున్నాడు.

కొండయ్య సార్ రెండు కాపలాలూ పీకేశాడు. సెమినార్‌లో చప్పట్ల మధ్య అన్నాడు, అనుభవం లేని పోలిక పోలికే కాదు, పుస్తకాలు తూకం వెయ్యటం కిరాణాకొట్టు పని, అని. పరుశురాం కళ్లు అప్పుడే వెలిగాయి. వాడికి సార్ దేవుడు. ఆ తర్వాత ఏడాదిగా ఈ డాబా మీద సార్ వాడికి ఒక కొత్త సాధన అల్లి ఇచ్చాడు, ఉభయమార్గమని పేరు పెట్టి. ఊపిరి బిగబట్టు, అది యోగం. ఒళ్లు గాలి కోసం కొట్టుకుంటుంది కదా, ఆ కొట్టుకోవటాన్ని కదలకుండా చూస్తూ కూర్చో, అదీ వచ్చిపోయేదే అనుకో, అది బుద్ధుడు. రెండూ కలిస్తే సగం కాలంలో గమ్యం. విన్నప్పుడు నవనీతకు కూడా ఎంత చక్కగా కుదిరిందో అనిపించింది. చదువుకున్నవాళ్లకు కుదిరిక కనపడితే చాలు, ప్రమాదం కనపడదు. రెండు మందులు, ఒక్కొక్కటీ మంచివే, కలిపి మింగితే ఏమవుతుంది. ఒంట్లోని ప్రమాదపు గంటను ఒక చెయ్యి మోగిస్తుంటే ఇంకో చెయ్యి చెవులు మూస్తోంది. బిగబట్టిన వాణ్ణి భయం కాపాడుతుంది, భయం పుట్టగానే వదిలేస్తాడు. ఆ భయాన్నే వేడుక చూడమంటే ఇంక వాణ్ణి ఎవడు కాపాడాలి. ఒక్కో దారిలో ఉన్న కాఠిన్యం తీసుకున్నాడు సార్, ఒక్కో దారిలో ఉన్న దయ పారేశాడు. పైగా ఆయన ఏనాడూ బిగబట్టలేదు. నడుంనొప్పి. కుర్చీ, దిండు. కూర్చోవటానికి పక్కవాడి కొడుకు దొరికాడు.

సార్ ఇటు చూశాడు. ఆమె మెల్లగా, మర్యాదగా, తన మర్యాద మీద తనకే అసహ్యం పుడుతుండగా, "సార్, బుద్ధుడు గూడ ఊపిరి బిగవట్టి, తిండి మానేసి చూసిండు కద. చెవులల్ల గాలి హోరెత్తింది, కడుపు పోయి ఎన్నుకు అంటుకున్నది. లాభం లేదని లేచిండు. సుజాత పెట్టిన పాయసం తిన్నడు," అన్నది.

"తిన్నాడు. తినే ముందు ఆరేండ్లు కూర్చున్నాడమ్మా. అది మింగేసి పాయసం ఒకటే చెప్తే ఎట్ల?"

జనంలో సన్నగా నవ్వు పాకింది. కొందరు తలలూపారు. ఎప్పుడూ ఇంతే, సార్ దగ్గర ఒక మాట తక్కువ ఉండదు. ఆమె జవాబు ఇచ్చేలోపే ఆయన మళ్లీ తలుపుకేసి తిరిగిపోయాడు. ఆ ఆరేండ్లూ దారి తప్పానని చెప్పింది ఆయనే కదా సార్. లేచి తిన్నప్పుడు వెంట తపస్సు చేస్తున్న ఐదుగురూ తిండిపోతు అని ముఖం మీదనే వదిలిపోయారు కదా. లేచినవాడికి దొరికింది గాని, కూర్చోమన్నవాళ్లకు దొరకలేదు కదా. లేవటానికి బుద్ధుడికి ఎవరి పర్మిషనూ అక్కర్లేకపోయింది. ఆయన కూర్చున్న చోట తలుపు లేదు. తలుపు ముందర జనం లేరు. ఆయన లేస్తే పరువు పోయే ప్రొఫెసర్ లేడు.

పిట్టగోడ దగ్గర నిలబడ్డ సామేలు వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. పరుశురాం హాస్టల్ దోస్తు, లా చదువుతున్నాడు. ఫోన్ చేసి రప్పించింది వాడే. "అక్కా, గిది డిబేట్ గాదు," అన్నాడు చెవి దగ్గర. "పొద్దున నేను తలుపు కొట్టబోతే నలుగురు పట్టుకున్నరు. చర్చికి పోయేటోనివి, సమాధి గురించి నీకేం ఎరుక అన్నరు. నాకెరుక లేదు, నిజమే. మా తాన మూడో దినం లేస్తరు. గీడ మూడో దినం దండేసిండ్రు."

"మెల్లగ మాట్లాడురా."

"ఎందుకు, వానికి డిస్టర్బ్ అయితదా? అయితే మంచిదే గద. ఒక్కసారి ఊ అను. భుజం పెడ్త, తలుపు ప్లైవుడ్‌దే."

ఊ అనాలి. ఒక్క అక్షరం. కాని వాడికి మాటిచ్చింది. మొన్న పొద్దున లాలాపేట ఇంట్లో, వాడు చెప్పుల్లో కాళ్లు పెడుతూ, "అక్కా, నన్ను పిలవకు. ఎవరు పిలిచినా నేను లెవ్వ. నువ్వు పిలిస్తే లేస్త. గదొక్కటే నా బలహీనత. గందుకే చెప్తున్న, పిలవకు," అన్నాడు. ఏంట్రా, చావుకు పోతున్నట్టు అప్పగింతలు, అని తిట్టి, సరే పిలవన్లే అంది. వాడు నవ్వాడు గాని చాయ్ తాగలేదు. చాయ్ తాగని రోజు వాడి జీవితంలో లేదు. అప్పుడే తలుపుకు అడ్డం నిలబడాల్సింది. నిలబడలేదు, బస్సుకు ఆలస్యమవుతోందని దారి ఇచ్చింది. ఇప్పుడు తలుపు పగలగొట్టి చూస్తే వాడు నిమ్మళంగా కూర్చుని ఉంటే. కళ్లు తెరిచి తనకేసి చూస్తే. ఏడాది సాధన, నాలుగేళ్ల పరిశోధన, అవ్వ పోయిన నాటి నుంచి వాడు వెతుకుతున్నదేదో అంగుళం దూరంలో ఉండగా అక్క చెడగొట్టిందని జీవితమంతా ఆ చూపు చూస్తే. తను మాత్రం ఎవరు, దుమ్ములోంచి లేచి ఇంత దూరం వచ్చినవాణ్ణి ఆపటానికి. అట్లా అనుకుంటూనే ఉంది, పక్కనుంచి ఇంకో ఆలోచన చల్లగా వచ్చి ఆనుకుంది. ఆ చూపు చూడటానికైనా కళ్లు తెరవాలి కదా వాడు.

ముందు వరసలో ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకుని లైవ్ పెట్టాడు. తలుపును, గడపను, సార్‌ను చూపిస్తూ, మహాద్భుతం చూడబోతున్నాం, అని గుసగుసలాడుతున్నాడు. సార్ కండువా సర్దుకున్నాడు.   ఆయన పడమటి దిక్కు చూస్తున్నాడు, పొద్దు ఎంత ఉందో. తలుపును చూడటం కన్నా పొద్దును ఎక్కువసార్లు చూస్తున్నాడు. ఎందుకు. పొద్దు గూకాలని ఆత్రమైతే మెడ అట్లా ముడుచుకోదు. ఆయనకు పొద్దు గూకటం ఇష్టం లేదు. గూకితే తలుపు తియ్యాలి.

ఈ సంగతి బుర్రకెక్కిన క్షణాన ఆమె అరచేతులు చల్లబడ్డాయి. అంత ఎండలో, వేడి కక్కుతున్న రేకుల కింద, మంచినీళ్ల కుండను తాకినట్టు.

సరోజమ్మ నీళ్ల చెంబుతో పైకి వచ్చింది. సార్ భార్య. ఈ ఇంట్లో ఎంతమంది స్కాలర్లు తిన్నారో ఆమె చేతికే తెలుసు. అందరికీ నీళ్లిచ్చుకుంటూ వచ్చి, నవనీత దగ్గర కూలబడి, చెంబు కింద పెట్టకుండా పట్టుకునే ఉంది.

"మ్మే, నీకొక మాట చెప్పాల. చెప్పద్దన్నాడు ఆయన."

"చెప్పండమ్మా."

"ఆ గదిలో బాత్‌రూమ్ ఉండాది కదా. దాని పైపు మా వంటింటి గోడలోంచే దిగతాది. చెంబెడు నీళ్లు పోసినా నాకు కింద ఇనపడతాది. మొన్నంతా ఇనపడింది. నిన్న మధ్యాన్నం ఒకసారి ఇనపడింది. ఆ తర్వాత ల్యా."

"ఒక్కసారి గూడ?"

"ల్యా. రేత్రి ఏందో పడినట్ల దబ్బుమనింది. పిల్లి అనుకున్యా. పొద్దున ఆయనకు చెప్తే, శరీర ధర్మాలు నిలిచిపోయినాయి సరోజా, మంచి గుర్తు, నువ్వు నోరు మూసుకో అన్యాడు. నేను నోరు మూసుకోనే ఉండా. కానీ మ్మే, నేనూ పిల్లోళ్లను కన్నదాన్ని."

చెంబులో నీళ్లు తొణికి నవనీత చేతి మీద పడ్డాయి. మంచి గుర్తు. నీళ్ల చప్పుడు లేకపోతే మంచి గుర్తు. పిలిస్తే పలక్కపోతే మంచి గుర్తు. ఊపిరి వినపడకపోతే ఇంకా మంచి గుర్తు. ఏదో పడ్డ చప్పుడైతే అది పిల్లి. ఎంత బాగా కట్టారు దీన్ని, ఎటు నుంచి చూసినా లోపలున్నవాడు గెలిచినట్టే ఉంది. బతికున్న యోగికీ చచ్చిన మనిషికీ బయటి నుంచి తేడా తెలియని ఏర్పాటు. అట్లాంటి ఏర్పాటులో కూర్చున్నవాడు ఏ దారిన పోయినా ఒక చోటికే పోతాడు. యోగంలో ఒకడు మిగులుతాడు, బుద్ధుడి దగ్గర ఎవడూ మిగలడు. ఈ డాబా మీద మాత్రం గురువు మిగులుతాడు. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపు లాంటి నవ్వు. ఆ నవ్వు ఆమెను లేపింది. మోకాళ్లు ఈసారి కూడా ఆమెను అడగలేదు.

"సార్, ఒకటే అడుగుత," అన్నది. గొంతు మామూలుగానే ఉంది, ఆమెకే ఆశ్చర్యమేసింది. "ఏమయితే మీరు తప్పు జరిగిందంటరు?"

"కూర్చోమ్మా."

"కూసోను. చెప్పుండ్రి. సప్పుడు రాకుంటే మంచిది, నీళ్లు తాగకుంటే మంచిది, పలకకుంటే మంచిది. మరి చెడ్డ గుర్తు ఏది సార్? ఏం కనవడితే మీరు తలుపు తీస్తరు? ఒక్కటి చెప్పుండ్రి, నేను మళ్ల కూసుంట."

కొండయ్య సార్ పడమటి దిక్కు చూశాడు.   జనం ఆయన పెదవులకేసి చూస్తున్నారు, లైవ్ పెట్టినవాడు కూడా ఫోన్ ఆయన వైపు తిప్పాడు. పిట్టగోడ మీద కాకి ఒకటి వాలి, గది కప్పుకేసి తల వంచి చూసి, అరవకుండా ఎగిరిపోయింది. "దీపం పెట్టినాక," అన్నాడు ఆయన చివరికి, ఎవరికో బతిమాలుతున్నట్టు. "దీపం పెట్టినాక చూస్తాంలేమ్మా." ఆయన కళ్లలో నవనీత చూడవలసింది చూసింది. ఆయనకు తెలుసు. పొద్దున సరోజమ్మ చెప్పినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ పగలంతా జనాన్ని పోగుచేసుకుని దాని మీద పూలు కప్పుతూ కూర్చున్నాడు.

ఆమె జనం మీదుగా నడిచింది. ఎవరి చెయ్యో, ఎవరి వేళ్లో కాళ్ల కింద పడ్డాయి. మైల, దోషం, ఆపండి, అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. ఆమె తలుపుకు నోరు ఆనించింది. ప్లైవుడ్ కాగుతున్న పెనంలా ఉంది.

"పర్శిగా."

 "అరే పర్శిగా, అక్కను. పిలుస్తున్న. మాట తప్పిన, తిట్టుదువు గాని లే. అరే, నిన్నేరా."  నువ్వు పిలిస్తే లేస్త. గదొక్కటే నా బలహీనత. ఆమె చెవి ఆనించింది, వాడు అవ్వ వీపుకు ఆనించినట్టు. లోపల ఏదీ కదలలేదు. తన రక్తం తన చెవిలో కొట్టుకుంటున్న చప్పుడు, అంతే. కాదు. ఇంకేదో ఉంది. చాలా లోతున, గోరుతో గుడ్డ మీద గీసినట్టు, గీత తెగి మళ్లీ మొదలైనట్టు. ఉందా. ఉన్నట్టు తను అనుకుంటోందా. ఊపిరో, చీమలో, తన ఆశో. ఇది ఏమిటని నిలబడి పరిశీలించటానికి ఆమె వాళ్లలాగా దారి తెలిసిన మనిషి కాదు. ఆమె ఇటు తిరిగింది.

"సామేలూ, రా. భుజం పెట్టు. వీణ్ణి ఆపబొయ్యేటోడు ముందుగాల నన్ను ఆపాలె. సరోజమ్మా, కిందికి పోయి గేటు బార్లా తెరువుండ్రి, స్కూటర్లన్ని పక్కకు జరిపించుండ్రి. ఓ ఫోన్ తమ్ముడూ, గా లైవ్ బంద్ చేసి నూటెనిమిదికి కొట్టు, తార్నాక అని చెప్పు, మనిషికి ఊపిరి అందుతలేదని చెప్పు, సమాధి అని చెప్పకు. మీరందరు మెట్లకెల్లి దిగుండ్రి, స్ట్రెచర్ పైకి రావాలె. సార్, మీరు దిగద్దు. మీరు గీన్నే ఉండాలె, తలుపు ఇరిగినంక అందరికన్న ముందు మీరే లోపలికి పోవాలె, మీరే చూడాలె. వాడు నిజంగనే ముక్తుడయితే తలుపు ఇరిగినంత మాత్రాన గా ముక్తి పోదు. ఊపిరి ఉంటే మటుకు మీ దీపం దాక ఆగదు. ఇంక ఏ ఊపిరి ముచ్చటకయినా, ఏ గురువు ఇంట్లనయినా, ఏ క్యాంపస్‌లనయినా, కూసోబెట్టే గదికి లోపల గడియ ఉండద్దు. పిలిస్తే లేసి రావాలె, లెవ్వకుంటే ఎత్తుకొని పోవాలె. అది తర్వాత కొట్లాడుత, అందరితోని కొట్లాడుత. ఇప్పుడు లెవ్వుండ్రి. జంపఖానా మీదికెల్లి లెవ్వుండ్రి. తలుపు పలగ్గొట్టుండ్రి."